బండ మరచిన పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం మాచర్లలో ఒక కరెంటు బిల్లు వెనక దొరికింది. కవి పేరు లేదు. ఆట గురించి ఆటవెలదిలో చెప్పాడు కనుక రసికుడే. ఆ ఆట మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ 2004, వచ్చింది 2003లో. అందులో హైదరాబాద్ అంటే నేటికీ బేగంపేటే. 2008 మార్చిలో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం ఆ లోకంలో ఇంకా పుట్టలేదు.

మూలం

నేల మార్చ నెంచి నిద్రమాని మగండు
ఫైలు తెరువఁబోవఁ బలుకదయ్యె
నాపరాయి పరచి నల్గురు చూడంగ
భార్య పలికె నింటి బండ మరచె

ప్రతిపదార్థం

నేల = విమానాలు నిలిచేచోట పరిచిన కాంక్రీటు బొమ్మను; మార్చన్ ఎంచి = తన ఊరి తీరుకు తేవాలనుకొని; నిద్రమాని = రాత్రి రెండింటిదాకా మేలుకొని; మగండు = ఇంటాయన (బిల్లు ఇతని పేరనే ఉంది); ఫైలు తెరువన్ పోవన్ = ఆ బొమ్మను పెయింట్‌లో తెరవబోగా; పలుకదు అయ్యెన్ = ఉలుకూ పలుకూ లేకపోయింది; నాపరాయి పరచి = స్పష్టం; నల్గురు చూడంగన్ = తమ్ముడు, మేనల్లుడు, పక్కింటి కుర్రాడు చూస్తుండగా (నాలుగో ఆయన ఎవరో తేలలేదు, పిల్లి అని కొందరు); భార్య పలికెన్ = ఇల్లాలు నోరు విప్పింది; ఇంటి బండ మరచెన్ = దీని సంగతి చివర చూద్దాం.

విశేషాలు

"పలుకదయ్యె". పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు. ఫైలు పేరు చివర బీఎంపీ అనే ఉంటుంది, లోపలున్నది మాత్రం డీఎక్స్‌టీ1 అనే కుదింపు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు చుక్కలను ఒక గడి చేసి, గడికి ఎనిమిదే బైట్లు ఇస్తారు. అలా 256 అడ్డం, 256 నిలువు చుక్కల బొమ్మ 32 కిలోబైట్లలో ముడుచుకుంటుంది. ఆ ముడి విప్పడానికి మార్టిన్ రైట్ రాసిన డీఎక్స్‌టీబీఎంపీ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాయకుడికి మూడు రాత్రులు పట్టింది.

"నాపరాయి". శ్రీనాథుడు పల్నాటిని రాళ్లసీమ అని ఆడిపోసుకున్నాడని చాటువులు చెబుతాయి. మహాకవి కాలికి ఏ రాయి తగిలిందో! నాగార్జునకొండ శిల్పులు బుద్ధుణ్ణి చెక్కింది పల్నాటి సున్నపురాతిలోనే. మన నాయకుడు తన వసారాలో పరిచిన రాయినే ఫోనుతో ఫొటో తీశాడు. మబ్బు పట్టిన పూట తీశాడు, అది తెలివి. ఎండలో తీస్తే బొమ్మలో నీడ ఒక వైపుకే గడ్డకడుతుంది, ఆటలో సూర్యుడేమో తిరుగుతూనే ఉంటాడు. ఇంకో తెలివి, పగిలిన బండను తప్పించి తీశాడు. పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఛందస్సు. బొమ్మ కొలత 256, 512, 1024 ఇలా రెట్టింపులలోనే ఉండాలి. 300 అంటే గణభంగం. ఒకే పలక పక్కపక్కనే పరుచుకుంటూ పోతుంది కనుక ఎడమ అంచు కుడి అంచుతో కలవాలి, ఇది యతి. పై అంచు కింది అంచుతో కలవాలి, ఇది ప్రాస. ఆటవెలదికి ప్రాసనియమం లేదన్న ధీమాతో కాబోలు, నాయకుడు రెండోది వదిలేశాడు. రన్‌వే పక్కంతా బట్టలారేసే తాళ్లు కట్టినట్టు గీతలు పడ్డాయి. దూరపు చూపుకోసం అదే బొమ్మను 128, 64, 32గా చిన్నచేసి లోపలే దాచాలి. అదీ మరిచాడేమో, దిగేటప్పుడు నేలంతా చీమలు పారినట్టు కదిలింది.

అసలు దోషం అతివ్యాప్తి. ఆయన కోరింది విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్పు దగ్గర నాలుగు బండలు. కానీ ఆటలో కాంక్రీటంటే లోకానికంతా ఒకటే బొమ్మ. గన్నవరంలో నాపరాయి, హీత్రూలో నాపరాయి, న్యూయార్క్ కెనడీలో నాపరాయి. బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ దక్కని దిగ్విజయం! వెనక్కి తీసుకుందామంటే పాత ఫైలుకు నకలు తీసిపెట్టలేదు.

వ్యాకరణం. "పరచి" అన్న క్రియకు కర్త మగడు, "పలికె"కు కర్త భార్య. ఇది అన్వయదోషమని పండితులంటారు. పరిచేదొకరు, పలికేదొకరు కావడం ఏ ఇంట్లో లేదు?

"ఇంటి బండ". ఇక్కడ రెండు పక్షాలు. వసారాలో పగిలిన నాపరాయి అని ఒకరు. వంటింట్లో అయిపోయిన గ్యాసు బండ, బుక్ చేయడం మరిచాడు అని మరొకరు. రెండో పక్షం బలమైనదే. నల్గురు వచ్చినా టీ అన్నమాట పద్యంలో ఎక్కడా లేదు. శ్లేష అనేస్తే గొడవ వదులుతుంది గానీ, ఇల్లాలు అంత తీరికగా మాట్లాడి ఉంటుందా?

బిల్లు చిరిగినచోట రెండో పద్యం పోయింది. మొదట్లో "సిమెం" అన్న రెండక్షరాలు మాత్రం మిగిలాయి.