తుంగభద్ర దాటిన రసికుడు

అలంపూర్ మనిషికి రాష్ట్రం దాటడం పెద్ద పనేం కాదు. పన్ను నొప్పి పుట్టినా, పెండ్లిబట్టలు తేవాలన్నా తుంగభద్ర బ్రిడ్జి ఎక్కి కర్నూలు పోవలసిందే. పొద్దున తెలంగాణలో చాయ్ తాగి, పదకొండింటికి ఆంధ్రాలో పన్ను పీకించుకుని, దవడ పట్టుకుని మధ్యాహ్నానికల్లా మళ్ళీ తెలంగాణకు వచ్చేస్తాడు. కాలు కదపకుండా రాష్ట్రాలు మారినవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. అలంపూర్, గద్వాల తాలూకాలు ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లా కింద ఉండేవి. 1956లో ఆంధ్రప్రదేశ్‌లో పడి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 దసరా రోజున జోగులాంబ గద్వాల అని జిల్లా పేరు కూడా మారింది. అరుగు మీద కూచున్న తాత బీడీ ఆర్పకుండానే మూడు రాష్ట్రాలు చూశాడు. దాని గురించి ఎక్కడా చెప్పుకున్నది లేదు.

చెప్పుకునేది మనవడు. చదువు ముగించి, బెంగళూరులో ఉద్యోగం సంపాదించి, అలంపూర్ చౌరస్తాలో 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి బస్సు ఎక్కినవాడు. బస్సు పుల్లూరు టోల్‌గేటు దాటి తుంగభద్ర మీదికి వచ్చేసరికి మనవాడిలో ఒక రసికుడు కళ్ళు తెరుస్తాడు. అప్పటిదాకా అట్లాంటివాడొకడు లోపల ఉన్న సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియదు, వాడికీ తెలియదు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పాటంటే సినిమా పాటే. వీధిలో భజన మొదలైతే కిటికీ మూసేవాడు. జాతరలో బుర్రకథ చెప్తుంటే ఆ పక్క మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడేవాడు. కథ ఏమైందని ఎవరైనా అడిగితే బజ్జీ ఎట్లున్నదో చెప్పేవాడు. అదే మనిషి బెంగళూరులో గది అద్దెకు తీసుకున్న మూడో నెలకల్లా, "మా మట్టిలో ఉన్న లయ ఇంకెక్కడా లేదు బ్రో" అని పక్క సీటు కన్నడిగుడికి చెప్తుంటాడు. కన్నడిగుడు తల ఊపుతాడు. వాడిది రాయచూరు. పాత లెక్కన ఇద్దరిదీ ఒకటే జిల్లా అని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

దూరం పెరిగేకొద్దీ ఊరు కూడా పెద్దదవుతుంది. ఇంటి దగ్గర ఉన్నప్పుడు గద్వాల వాళ్ళంటే వేరే దేశం వాళ్ళు, అయిజ వాళ్ళంటే ఇంకో రకం. బెంగళూరు చేరాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, నారాయణపేట అన్నీ 'మా ఊరే'. గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించగానే ఆఫీసులో మిఠాయి పంచినవాడు మనవాడే. 'మా పక్కూరాయన' అని చెప్పి పంచాడు. వెంకన్నది నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం. మధ్యలో కృష్ణానది ఉందన్న మాట మిఠాయి తింటున్నవాళ్ళకు అనవసరం. అమెరికా పోయిన రసికుడికైతే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా మొత్తం పక్కూరే.

హైదరాబాద్‌లో చౌరస్తా అని ఒక బ్యాండు ఉంది. జానపదాన్ని గిటార్లతో కలిపి సొంత పాటలు కట్టుకున్న కుర్రాళ్ళు. వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామ' విని కన్నీళ్ళు పెట్టుకోని వలస తెలుగువాడు అరుదు. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడి సినిమాల్లో పేరు తెచ్చుకున్నారు. మనవాడికి ఈ బ్యాండు మీద ప్రత్యేక హక్కు ఉంది. తను బస్సెక్కింది చౌరస్తాలోనే కదా. ఊరెళ్ళిపోతానన్న ఆ పాటను ఐదేళ్ళుగా వింటున్నాడు. దసరాకు మాత్రం టికెట్ దొరకలేదని గోవా పోయాడు.

వినడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. మన రసికుడు పాటను తెరుస్తాడు, నలభై సెకన్లు వింటాడు, 'గూస్‌బంప్స్ అన్నా' అని రాస్తాడు, లింకు మూడు గ్రూపుల్లోకి తోసి తర్వాతి దానికి పోతాడు. అవతల పాడినవాడి లెక్క వేరు. యూట్యూబ్ నుంచి ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు ఉండాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. నాలుగు నిమిషాల పాటైతే 60 వేలసార్లు పూర్తిగా చూడాలి. మనవాడి నలభై సెకన్ల పద్ధతిలో 3 లక్షల 60 వేలసార్లు. (షార్ట్స్‌కు లెక్క ఇంకోటి ఉంది, దాని జోలికి పోతే ఈ వ్యాసం తెల్లారినా కాదు.) స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లయినా మోగని పాటను రాయల్టీ లెక్కలోకే తీసుకోరు. వీటన్నిటి మీద మనవాడికి ఒక అభిప్రాయం ఉంది: అల్గారిదం మన కళను తొక్కేస్తోంది. ఆ మాటను కూడా రీలుగా చేసి పెట్టాడు. వెనకాల సినిమా పాట.

ఇక మొగులయ్య సంగతి. పన్నెండు మెట్ల కిన్నెర అనే వాద్యం ఒకటుందని దేశానికి తెలిసింది దర్శనం మొగులయ్య వల్ల. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం, నల్లమల అంచున అవుసలికుంట ఆయన ఊరు. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, మెట్లు అమర్చిన ఆ కిన్నెర మీద పండుగ సాయన్న లాంటి వీరుల కథలు పాడుతూ ఊళ్ళు తిరిగినవారు. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినపడేసరికి కోట్లమంది ఉలిక్కిపడ్డారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. 2024 మే నెలలో హైదరాబాద్ శివార్లలో ఆయన కూలిపని చేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. నెలనెలా వచ్చే 10 వేల గౌరవవేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పారు.

ఈ నాలుగు ఘట్టాల్లోనూ మన రసికుడు విధి నిర్వహణలో ఏ లోటూ చేయలేదు. పాట వచ్చినప్పుడు రింగ్‌టోన్ పెట్టుకున్నాడు. పద్మశ్రీ వచ్చినప్పుడు ప్రొఫైల్ బొమ్మ మార్చాడు. కోటి ప్రకటించినప్పుడు 'ఇది కదా కళకు గౌరవం' అన్నాడు. కూలి వీడియో చూసి రాత్రి రెండింటిదాకా మేలుకుని ప్రభుత్వాన్ని, ప్రతిపక్షాన్ని, సినిమావాళ్ళను, చివరికి ఏ సంబంధమూ లేని క్రికెట్ బోర్డును కూడా దులిపి ఒక పోస్టు పెట్టాడు. ఒక్క ప్రశ్న మాత్రం ఈ మూడేళ్ళలో తట్టలేదు. ఆయనను ఒక పూట పాడించడానికి ఎంతవుతుందో కనుక్కుందామన్న ప్రశ్న.

2023లో 'బలగం' వచ్చింది. ఆ సినిమా చివర శారద కథ పాడి హాళ్ళలో జనాన్ని ఏడిపించినవారు బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వరంగల్ వైపు వాళ్ళు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆరోజు మన రసికుడు అందరికన్నా ముందు 'కిన్నెర మూగబోయింది' అని కవిత్వం రాసి, దర్శనం మొగులయ్య ఫొటో పెట్టాడు. ఇద్దరు వేర్వేరు మనుషులని మనవాడి చెల్లెలు చెప్తే, "భావం చూడు, ఫొటో కాదు" అన్నాడు. నాలుగు వందల లైకులు వచ్చాక ఫొటో మార్చడానికి మనసొప్పలేదు. బుర్రవీణ మీద కథలు పాడే నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు చెప్తే ఇంకా "కిన్నెరాయనేనా?" అనే అడుగుతాడు.

వాడి నాయన ఈ విషయంలో పూర్తి మోటుమనిషి. కళ, వారసత్వం లాంటి మాటలు ఆయన నోట రాగా ఎవరూ వినలేదు. కథ చెప్పేవాళ్ళు ఊళ్ళోకి దిగితే, "వచ్చిరా మళ్ళ, రాత్రంతా నిద్ర ఉండదు ఇంక" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే కళ్ళంలో రెండు చేటల జొన్నలు పక్కకు తీసి పెట్టేవాడు. అది వాళ్ళ వాటా. నాయన వాళ్ళ తాత ఉన్నప్పటినుంచీ తీస్తున్న వాటా. బాగా పాడితే రెండు చేటలు, బాగా పాడకపోతే కూడా రెండు చేటలే. పంట పోయిన ఏడు మాత్రం ఒకటి. ఈ ఏర్పాటులో గౌరవం ఎంత ఉందంటే పెద్దగా లేదనే చెప్పాలి. కథ చెప్పేవాడు గడప బయటే కూచునేవాడు, కులం ఆ గీత దాటనిచ్చేది కాదు. దాన్ని బంగారు కాలమని పొగడటం మనవాడి పోస్టుల్లో కనిపిస్తుంది, నాయన నోట వినిపించదు. కానీ జొన్నలు జొన్నలే. సంచిలో పడేవి, ఇంటికి పోయేవి.

ఇదే నేల మీద నుంచి ఇంకో రకం వలస కూడా ఉంది, దానికి ప్రొఫైల్ బొమ్మలు లేవు. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అంటే దేశంలో డ్యాములు కట్టిన ప్రతి చోటా తెలిసిన పేరు. మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలి, ముంబయి బస్సెక్కి పోయినవాళ్ళు. వాళ్ళు పాటను పోషించలేదు, పాడుకున్నారు. తట్ట ఎత్తేటప్పుడు ఒకటి, దించేటప్పుడు ఒకటి. ఇంటి మీద బెంగ పడి కట్టుకున్న పాటలు వాళ్ళవి. ఎవరు కట్టారో తెలియదు కాబట్టి ఎవరి ఖాతాలోకీ డబ్బు పోదు. ఇప్పుడు ఆ పాటల్నే ఒక కుర్రాడు కీబోర్డు పెట్టి మళ్ళీ పాడితే మనవాడు బెంగళూరు మెట్రోలో వింటాడు. ఆ మెట్రో గుంతలు తవ్వినవాళ్ళలో పాలమూరోళ్ళు ఎంతమందో అన్న ఆలోచన రాకముందే స్టేషను వచ్చేస్తుంది.

మనవాడిది దొంగప్రేమ అనుకుంటే పొరపాటు. రాత్రి పదకొండింటికి, ఎవరూ చూడనప్పుడు, పోస్టు పెట్టే ఉద్దేశం లేనప్పుడు కూడా వింటాడు. డప్పు మీద మొదటి దెబ్బ పడగానే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఆ సంగతి మాత్రం ఎక్కడా రాయడు.

ఆ ప్రేమతోనే ఒక ఏడాది అపార్టుమెంటు తెలుగు సంఘం ఉగాది సంబరాలకు సొంతూరి కళాకారుడిని పిలవాలని పట్టుబట్టాడు. ఆయన యూట్యూబ్ చానల్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు.

"అన్నా, నేను అలంపూరోణ్ణే. బెంగళూరుల ఉంట. పొద్దున లేస్తే మీ పాటే వింట."

"సంతోషం తమ్మీ. ఏ తేదీ?"

"తేదీ తర్వాత మాట్లాడుకుందమన్నా. ముందు మీ కళ గురించి..."

"తేదీ చెప్తే ఖాళీ ఉన్నదో లేదో చూస్త."

తేదీ చెప్పాడు. హార్మోనియం, తబలా, డప్పులు ఇద్దరు, పాడేది తను, మొత్తం ఐదుగురం అన్నాడు అవతలాయన. బండి కిరాయి, భోజనాలు మీవి, పైన పాతికవేలు, సగం ముందు.

"మీరొక్కరే వస్తే కాదా అన్నా? వెనక ట్రాక్ పెట్టుకుందం."

"ట్రాక్ మీద పాడేటందుకు బెంగళూరు ఎందుకు తమ్మీ? ఫోన్ల పాడి పంపుత."

"రెండు వేల మంది తెలుగోళ్ళు వస్తరన్నా. మంచి ప్రచారం ఉంటది. శాలువ, మెమెంటో కూడా..."

"పోయినేడు ఇట్లనే ప్రచారానికి పోతిమి. శాలువలు కప్పిరి. ముప్పై ఉన్నయి ఇంట్ల. మన ఎండలకు శాలువ కప్పుకునేటోడు ఎవడు, నువ్వే చెప్పు."

మనవాడు కమిటీలో గట్టిగానే కొట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అప్పటికే టీవీ పోటీల్లో గెలిచిన ఒక సినిమా గాయకుడికి అడ్వాన్సు పోయింది. ఎల్‌ఈడీ తెరకు ఇంకో అడ్వాన్సు. పొగ యంత్రం ఒకటి, దాని వాడకం ఏమిటో కార్యదర్శికి కూడా తెలియదు. జానపదానికి మిగిలింది భోజనాల సమయంలో పదిహేను నిమిషాలు, ఎనిమిది వేలు. కోశాధికారి ఇంకో మాట కూడా అన్నాడు, "కళను డబ్బుతో కొలవద్దు" అని. సినిమా గాయకుడి చెక్కు మీద సంతకం పెడుతూ అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత మనవాడు మొహమాటంగా ఫోన్ చేసేసరికి అన్న అదే తేదీకి అయిజలో పెండ్లి ఒప్పుకున్నాడు. వాళ్ళు బేరం ఆడలేదట. అడ్వాన్సు ఫోన్‌పేలో అప్పుడే పడిందట. పెండ్లికొడుకు తండ్రికి జానపదం మీద ప్రత్యేకమైన అభిప్రాయాలేమీ లేవు, డీజే కంటే ఇదే చవక అని పిలిచాడు.

ఆ రాత్రి మన రసికుడు 'కళాకారులు కూడా కమర్షియల్ అయిపోయారు' అని సుదీర్ఘంగా ఒక పోస్టు రాశాడు. కింద మొదటి లైకు ఆ అన్నదే. దానితోపాటు ఫోన్ నంబరు, ఒక ముక్క: పెండ్లిళ్ళు, బారసాలలు, జాతరలకు సంప్రదించగలరు.