పిల్లాణ్ణి కుర్చీకి అంటించడం ఎలా?

చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ఇవ్వడానికి నా దగ్గర సలహాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది, ఏ స్కూలుకు ఎంత రేటింగు, అరోరా బాలాజీ గుడికి శనివారం ఎన్నింటికి బయల్దేరితే పార్కింగు దొరుకుతుంది, ఇవన్నీ అడక్కుండానే చెబుతాను. ఈమధ్య మాత్రం అందరూ అడుగుతున్నది ఒకటే. "మావాడు ఒక్కచోట కుదురుగా కూర్చోడండీ, ఏం చెయ్యమంటారు?" ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను. ఇవి పాటిస్తే మీవాడు తప్పక కూర్చుంటాడు. ఆ తర్వాత లేవమన్నా లేవడు.

పిల్లాణ్ణి వీలైనంత తొందరగా స్కూల్లో వెయ్యండి. ఇల్లినాయ్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. మావాడు ఆ గీతను అంగుళం తేడాలో దాటాడు. కాస్త ఆలస్యంగా పుట్టి ఉంటే ఏడాది దండగయ్యేది కదా అని మా ఆవిడా నేనూ ఇప్పటికీ సంబరపడుతుంటాం. క్లాసులో అందరికన్నా చిన్నవాడని గొప్పగా చెప్పుకుంటాం కూడా.

ఇక అసలు శత్రువు సంగతికి వద్దాం. అది అట్టపెట్టె. హైదరాబాదుకు ఐకియా వచ్చింది 2018లో. మనకు ఇక్కడ వుడ్‌ఫీల్డ్ మాల్ దగ్గర 1998 నుంచీ ఉంది. కాబట్టి షామ్‌బర్గ్‌లో తెలుగు ఇల్లంటే ఐకియా బీరువా, ఐకియా బీరువా అంటే మనిషంత పెట్టె. బీరువా బిగించడం పూర్తయ్యేదాకా, అంటే మా ఇంట్లో అయితే రెండు వారాలపాటు, ఆ పెట్టె హాల్లోనే పడి ఉంటుంది. కొంప మునిగేది అక్కడే.

వేసవిలో తెనాలి వెళ్లొచ్చిన మావాడు ఆ పెట్టెకు రెండుపక్కలా స్కెచ్ పెన్నుతో చక్రాలు గీసి బస్సు చేశాడు. ముందువైపు ఇంగ్లీషు అక్షరాల్లో తెనాలి అని రాశాడు, అందులో ఒక అక్షరం తిరగబడింది. కాస్ట్‌కో రసీదు చింపి టికెట్లు చేశాడు. ఆరు నెలలుండి పోదామని వచ్చిన మా అమ్మను డైనింగ్ కుర్చీలో కూర్చోబెట్టి, పక్క సీట్లో గుడ్డ ఏనుగును పెట్టి, "రైట్ రైట్" అన్నాడు.

"అమ్మగారూ, ఎక్కడికి?"

"తెనాలికి నాయనా."

"చిల్లర ఇవ్వండి."

"లేదు బాబూ, పెద్దనోటే ఉంది."

"అయితే దిగండి!"

డెబ్భై రెండేళ్ల మా అమ్మ మోకాళ్లు పట్టుకుని నిజంగానే దిగింది. మళ్లీ బతిమాలుకుని ఎక్కింది. ఏనుక్కి అర టికెట్టు. కృష్ణా వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయిందని గంటంపావు ఎవర్నీ కదలనివ్వలేదు. నేను మధ్యలో వంటింట్లోకి వెళ్లబోతే కృష్ణలో పడిపోతావని అరిచాడు. పడిపోతానేమోనని నేనూ ఒక్క క్షణం ఆగాను, ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు.

ఇందులో ప్రమాదం గమనించారా? గంటంపావు సేపు వాడు ఒకే పని మీద ఉన్నాడు. టికెట్ల లెక్క రాశాడు, తన వంతు వచ్చేదాకా ఆగాడు, ఎదుటివాళ్లు చెప్పింది విన్నాడు. ఇష్టమైన ఆటలో మునిగిపోవడం కుదురూ ఏకాగ్రతా లోపించే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లోనూ ఉంటుందని డాక్టర్లు చెబుతారు, కాబట్టి దీన్నిబట్టి ఏదీ తేలదు. అయినా మన పట్టుదల సడలడానికి ఈమాత్రం చాలు. అందుకే పెట్టె గుమ్మంలోకి వచ్చిన గంటలోపల చింపి, మడిచి, రీసైక్లింగ్ డబ్బాలో వెయ్యాలి. ఏనుగును అటక మీద పెట్టాలి.

రెండో శత్రువు పేపర్లో వచ్చే బొమ్మల కథలు. మనం ఉంటున్నది మామూలు చోటు కాదు. పక్కనున్న చికాగోలో ట్రిబ్యూన్ పత్రిక నూరేళ్ల కిందటే ఈ వ్యసనాన్ని ఇంటింటికీ పంచింది. అందులో 1918లో మొదలైన గ్యాసొలీన్ ఆలీ అనే బొమ్మల కథలో 1921 ఫిబ్రవరి 14న ఒకాయన గుమ్మం ముందు పసిబిడ్డ దొరుకుతాడు. ఆ బిడ్డ పాఠకులతో పాటే ఏడాదికి ఏడాది పెరిగి పెద్దవాడై పెళ్లి చేసుకున్నాడు. బుద్ధిమంతుడు. పిల్లలకు చూపించాల్సింది ఇలాంటివాణ్ణి.

చూపించకూడనివాడు కాల్విన్. బిల్ వాటర్సన్ గీసిన కాల్విన్ అండ్ హాబ్స్ 1985 నవంబరు 18న మొదలై 1995 డిసెంబరు 31న ఆగిపోయింది. ఒక దశలో 2,400కు పైగా పత్రికల్లో వచ్చింది. ఆ పదేళ్లూ వాడు ఆరేళ్లవాడిగానే ఉండిపోయాడు. క్లాసులో టీచరు లెక్క చెబుతుంటే వీడు అంతరిక్ష యాత్రికుడై ఏదో గ్రహం మీద కూలిపోతుంటాడు. ఇంట్లో అట్టపెట్టె ఉంటుంది (మళ్లీ అదే పెట్టె!). తిరగేస్తే మనిషిని జంతువుగా మార్చే యంత్రం, పక్కకు వాలిస్తే మనిషికి నకళ్లు తీసే యంత్రం. వాడి నేస్తం హాబ్స్ పెద్దవాళ్లు చూస్తే గుడ్డ పులి, వాడు చూస్తే మాట్లాడే పులి. రెండిట్లో ఏది నిజమో వాటర్సన్ తేల్చలేదు. ఆ పులిబొమ్మను అమ్ముకోవడానికి కంపెనీలకు అనుమతీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఒకటి కొనిపడేసి గొడవ వదిలించుకునేవాళ్లం. కావాలంటే పిల్లాడే ఊహించుకోవాలి, వచ్చిన చిక్కల్లా అదే.

లైబ్రరీకి తీసుకెళ్లక తప్పకపోతే డ్యూయీ లెక్కలో కామిక్స్ నంబరు 741.5 అని గుర్తుపెట్టుకుని ఆ అర పక్కకు పోనివ్వకండి.

ఏడీహెచ్‌డీ మందు వేసుకున్న కాల్విన్ బొమ్మల కథ ఒకటి చాలామంది ఫోన్లలో తిరిగింది. అందులో వాడు బుద్ధిగా హోంవర్కు చేసుకుంటుంటాడు, పక్కనున్న పులి ఉత్త గుడ్డబొమ్మయిపోతుంది. అది వాటర్సన్ గీసింది కాదు, ఎవరో ఆయన గీతను అనుకరించి గీశారు. దాన్ని చూసి కొందరు కళ్లు తుడుచుకుంటారు. మీరు మాత్రం దాన్ని మందుల కంపెనీ ప్రకటనలా చూడండి. హోంవర్కు అయిందా లేదా?

తెలుగువాళ్లం మనమూ ఏమీ తక్కువ తినలేదు. కాల్విన్ పుట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే, 1956లో, ముళ్లపూడి వెంకటరమణ రాతతో బాపు గీతతో బుడుగు అనే అల్లరి పిల్లాణ్ణి ఇళ్లలోకి వదిలారు. ఆ బుడుగే గనక షామ్‌బర్గ్‌లో పుట్టి ఉంటే? స్కూలు మీటింగులో గుండ్రటి బల్ల చుట్టూ కౌన్సెలరు, సైకాలజిస్టు, కళ్లు తిరుగుతున్న అమ్మానాన్నలు. టీచరు నింపాల్సిన లక్షణాల ఫారం వాడి ప్రైవేటు మేష్టారి చేతికి వెళ్తుంది. ఆయన నాలుగో గడిలో "చాలా తరచుగా" అని పైనుంచి కిందిదాకా ఒక్కటే గీత గీసి, ఉద్యోగానికి రాజీనామా రాస్తాడు. అంత బాధ పడాల్సి రావడం, సకాలంలో ఎవరూ సలహా ఇవ్వకపోవడం వల్లే.

ఖాళీ సమయం ఉంచకండి. సోమవారం లెక్కలు, మంగళవారం స్పెల్లింగు, బుధవారం ఈత, గురువారం చదరంగం, శుక్రవారం కీబోర్డు, వారాంతంలో తెలుగు నేర్పే మనబడి. మంచులో ఆడతానంటే జలుబు చేస్తుందనండి. స్కూల్లో ఆటల సమయం కూడా తీసేయమని నేను టీచరుకు రాసి చూశాను. కుదరదన్నారు. ఇల్లినాయ్‌లో అయిదో తరగతిదాకా రోజుకు 30 నిమిషాలు పిల్లల ఇష్టప్రకారం ఆడుకోనివ్వాలని, శిక్షగా ఆ సమయాన్ని కోయకూడదని 2021లో చట్టం చేశారట. చట్టసభలకు వేరే పని లేదు.

ఇంత చేసినా పిల్లాడు సోఫా మీంచి దూకుతూనే ఉంటే మందు సంగతి చూద్దాం. దీనికి చాలా చరిత్ర ఉంది. 1937లో రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు తన ఆసుపత్రి పిల్లలకు బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూస్తే, వాళ్లలో చాలామంది ఉన్నట్టుండి చదువు మీద పడ్డారు. పిల్లలే వాటికి లెక్కల బిళ్లలని పేరు పెట్టారు. లెక్కల బిళ్లలు! ఆ మాట వినగానే మా వాట్సాప్ గుంపులో నలుగురు తండ్రులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. 1944లో స్విట్జర్లాండ్‌లో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. అది వేసుకుని టెన్నిస్ ఆడే తన భార్య రీటా పేరు మీదే దానికి రిటాలిన్ అని పెట్టాడు.

డాక్టర్లతో వచ్చే చిక్కు, వాళ్లు తొందరపడరు. తొమ్మిదేసి లక్షణాల జాబితాలు రెండు, ఏదో ఒకదాంట్లో కనీసం ఆరు ఉండాలంటారు. ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్లలోపే కనిపించాలి, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపించాలి అంటారు. నిద్ర సరిపోతోందా, చెవులు బాగా వినిపిస్తున్నాయా అని అడుగుతారు. ఆరేళ్లలోపు పిల్లలకైతే మందు కన్నా ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇప్పించమని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతుంది. శిక్షణట, మనకు! ఇరవై ఏళ్లు చదివి వచ్చినవాళ్లం. అందుకని డాక్టరు దగ్గర ఉపోద్ఘాతాలు వద్దు. ఎంత మోతాదో మీరే ఫలానావాళ్లబ్బాయిని చూసి నిర్ణయించుకుని వెళ్లండి. మందు మొదలెట్టాక ఆకలి తగ్గవచ్చు, లంచ్ బాక్సు వెళ్లినట్టే తిరిగిరావచ్చు. అప్పుడు ఆవకాయ అన్నం ముద్ద పట్టుకుని మీ అమ్మ వాడి వెనక పరిగెడుతుంది. ఈసారి దొరుకుతాడు, పరిగెత్తడు కాబట్టి.

ఇంతకీ పిల్లాడికి ఏడీహెచ్‌డీ నిజంగానే ఉందని తేలితే? అప్పుడు మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. మన సలహాల్లో ముఖ్యమైన మెలిక ఇదే. లేనప్పుడు మందు కావాలి, ఉన్నప్పుడు అక్కర్లేదు. మా వంశంలో ఎవరికీ లేదనండి. చిన్నప్పుడు నేనూ ఇంతే, నాకు బెత్తంతో కుదిరిందనండి. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయని అడగండి, పిల్లకు తొమ్మిదేళ్లే అయినా సరే.

ఆ తొమ్మిదేళ్ల పిల్ల మా వీధిలోనే ఉంది. ఎగరదు, దూకదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ఆడపిల్ల, పైగా నెమ్మదస్తురాలు, ఇంకేం కావాలని అందరం మెచ్చుకునేవాళ్లం. బొమ్మల కథలు గీస్తుంది. ఒక కాగితం మీద ఆరు గడులు గీసుకుని, మూడింటిదాకా పిల్లీ పావురమూ కొట్టుకుని, నాలుగో గడిలో పావురానికి ఒక రెక్క మొలిచి, అక్కడితో ఆగిపోయేది. అటువంటి కాగితాలు వాళ్లింట్లో ఒక అట్టపెట్టెడున్నాయి. వాళ్లమ్మ నా సలహా వినలేదు. డాక్టర్ల చుట్టూ ఆరు నెలలు తిరిగింది, మందు మొదలుపెట్టింది, మోతాదు రెండుసార్లు మార్పించింది. మొన్న ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఒక కాగితం ఇచ్చింది. ఆరు గడులూ నిండి ఉన్నాయి. చివరి గడిలో పావురం పిల్లిని వీపు మీద ఎక్కించుకుని ఎగిరిపోతోంది. పిల్లి ఏదో అంటోంది కూడా. ఫోన్లలో తిరిగే ఆ కాల్విన్ బొమ్మకు ఇది పూర్తిగా అడ్డం తిరిగింది. అందుకని దీని గురించి ఎవరికీ చెప్పకండి.

ఇక మావాడి సంగతి. క్లాసులో మాటిమాటికీ లేస్తున్నాడని స్కూలు నుంచి కబురొచ్చింది. ఏడీహెచ్‌డీ లక్షణాలు అడిగే వాండర్‌బిల్ట్ ఫారం పంపించారు, తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు. అదే వారం ఒక స్నేహితుడు ఒక సంగతి పంపించాడు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చిందట. సెప్టెంబరు 1 గీత ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టిన పిల్లల్లో ప్రతి 10,000 మందికీ 85 మందికి ఏడీహెచ్‌డీ ఉందని రాశారు. సెప్టెంబరులో పుట్టినవాళ్లలో అది 64 మందికే. ఆ గీత లేని రాష్ట్రాల్లో ఈ తేడా కనబడలేదు. చదివి పక్కన పెట్టేశాను. అధ్యయనాలకేం, రోజుకొకటి వస్తుంటాయి.

రాత్రి అందరూ పడుకున్నాక ఫారం ముందేసుకుని కూర్చున్నాను. హాలు శుభ్రంగా ఉంది, పెట్టె లేదు. మా అమ్మ సూట్‌కేసు సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది. సూట్‌కేసు పిడికి ఒక కాస్ట్‌కో రసీదు ముక్క కట్టి ఉంది. ఫారం పైన ఒక సూచన ఉంటుంది, జవాబు ఇచ్చే ముందు పిల్లల వయసుకు ఏది తగినదో దృష్టిలో పెట్టుకోమని. మీరు దాన్ని చదవకండి, టైము దండగ. దాని పైన పుట్టినతేదీ గడి ఉంటుంది. ఆగస్టు 27 అని రాసి, కింది ప్రశ్నలకు వెళ్లిపోయాను.