బ్యాటరీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: బ్యాటరీ వట్టుకపో, గట్టు మీద పురుగుంటది.

అవతారిక: కర్ణాటక సరిహద్దును ఆనుకున్న న్యాల్‌కల్ మండలంలో, చెరకూ అల్లమూ పండే పొలాలకు రాత్రిపూట బయల్దేరే మనిషికి గడప దగ్గర చెప్పే వాక్యమిది. కర్త పేరు లేదు. పలికేది ఎక్కువగా ఆడవాళ్లే గనుక అక్షరాలా అపౌరుషేయం. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా త్రీఫేజు విడతలుగా వచ్చేది. ఆ విడత ఏ నడిరాత్రో పడితే మోటారు వేయడానికి పోక తప్పేది కాదు.

ప్రతిపదార్థం: బ్యాటరీ = టార్చిలైటును; వట్టుకపో = చేతబూని వెళ్లుము; గట్టు మీద = పొలపు గట్టున; పురుగు = పాము (రాత్రివేళ దాని పేరెత్తరు); ఉంటది = ఉండవచ్చునని కాదు, ఉండితీరునని.

తాత్పర్యం: ఓ కర్షకా! అడుగు వేసే చోటు చూసుకొని వేయుము.

విశేషం: టార్చిని బ్యాటరీ అనడం అవయవం పేరుతో అవయవిని పిలవడమని అలంకారికులు తేల్చేస్తారు. అర్థశాస్త్రం ఇంకొంచెం లోతుగా చూస్తుంది. పాత టార్చిలో ఒకసారి కొంటే సరిపోయేది డబ్బా. మళ్లీ మళ్లీ కొనవలసింది సెల్లు. ఆ సెల్లును తినేది బల్బు. టంగ్‌స్టన్ తీగ 2,000 డిగ్రీల సెల్సియస్ పైకి కాగితే తప్ప సరిగ్గా వెలగదు. తిన్న కరెంటులో నూటికి అయిదు పాళ్లో అంతకు తక్కువో కంటికి కనబడే వెలుగు, తక్కినదంతా వేడి. అది వెలుగు కూడా ఇచ్చే కుంపటి. మామూలు టార్చి బల్బు వాటుకు పది ల్యూమెన్లు దాటడమే కష్టం. ఎల్‌ఈడీకి వంద దాటడం మామూలే. కాబట్టి ఎల్‌ఈడీ నెగ్గింది మిరుమిట్లు గొలిపినందుకు కాదు, సెల్లు ఖర్చును తగ్గించినందుకు. ఈ గెలుపు ఆలస్యంగా వచ్చిందన్నది నిజమే. నిక్ హోలోన్యాక్ 1962లోనే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించినా, తెల్లని వెలుగుకు నీలం కావాలి. జపానులో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలాన్ని సాధించాక, దానిపై పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే తెలుపు వచ్చింది. ఆ నీలానికే 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.

పూర్వపక్షం: పాత బల్బు చచ్చిపోయే ముందు పచ్చబడి హెచ్చరించేది, ఎల్‌ఈడీ చెప్పాపెట్టకుండా ఆరిపోతుందని ఒక ఆక్షేపణ. సమాధానం: ఆ హెచ్చరికే అసలు జబ్బు. తీగ వెలుగు వోల్టేజీకి సుమారు మూడున్నరో ఘాతంలో మారుతుంది. అంటే 1.5 వోల్టుల సెల్లు 1.2కు దిగితే వెలుగు సగానికి దిగువకు పడుతుంది, సెల్లులో ఇంకా సరుకు మిగిలే ఉన్నా సరే. సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ వేసుకున్న కాలమంతా ఆ మిగులును రాబట్టే ప్రయత్నమే. ఠక్కున ఆరడం వోల్టేజీని నిలబెట్టే సర్క్యూటు ఉన్న టార్చిల గుణం. అది లేని చవక ఎల్‌ఈడీ కూడా మెల్లగానే మసకబారుతుంది. రెండో ఆక్షేపణ బలమైనది. పాతదానికి ఒక్క బల్బు మారిస్తే చాలు. చార్జింగు టార్చిలో బ్యాటరీ పోతే చాలామంది టార్చినే పారేస్తారు, లోపల సీసమున్నా సరే. దీనికి సిద్ధాంతి దగ్గర సగం జవాబే ఉంది: ఒక్క చార్జింగు టార్చి గట్ల పాలయ్యే ఎన్నో సెల్లులను తప్పిస్తుంది. సీసం మాత్రం పాతసామాన్లవాడికి చేరితేనే క్షేమం. నాసి ఎల్‌ఈడీల కాంతిలో ఎరుపు పాలు తక్కువ, నల్లరేగడి మీద గోధుమరంగు రక్తపింజర తేటగా కనబడదన్న మాటనూ ఒప్పుకోవాలి. రంగులు చూపడంలో తీగదే పైచేయి. అయితే పచ్చబడిన బల్బు కింద రంగులు నిజమైనవైనా చూడటానికి వెలుగే చాలదు.

ఇక 24 గంటల కరెంటు వచ్చాక ఈ వాక్యమే అక్కర్లేదనేవారున్నారు. అడవిపందులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొక్కజొన్న కాపలా రాత్రే.

పాఠాంతరం: కుర్రవాళ్ల నోట 'ఫోన్ల లైటేసుకపో' అని వినబడుతోంది. 2003లో నోకియా 1100 నెత్తిన టార్చి పెట్టుకొని వచ్చినప్పుడే ఈ పాఠం పుట్టింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది. కాలి దగ్గరి పురుగుకు చాలుతుంది కూడా. కానీ ఫోనుకు వెలుగును దూరం విసిరే గిన్నె లేదు. కాంతి పరుచుకొని పది అడుగులకే పలచబడుతుంది, చేను ఆ కొసన కదిలే పందిని చూపదు. పైగా తడిచేత్తో స్టార్టరు దగ్గర ఫోను తీయడం ఎవరికీ ఇష్టముండదు. అందువల్ల మొదటి పాఠమే గ్రాహ్యం.