నా ఇంటిపేరు పైరెథ్రాయిడ్

చంద్రశేఖరపురంలో పురుగుమందుల కొట్టు అరల మీద నన్ను రకరకాల పేర్లతో నిలబెడతారు. బొమ్మ మారుతుంది, మూత రంగు మారుతుంది. కింద సన్నని అక్షరాల్లో అచ్చయ్యే టెక్నికల్ పేరు మాత్రం ఒక్కటే: సైపర్‌మెత్రిన్.

మా మూలం చామంతి జాతి పూలలో ఉంది. పైరెత్రం పూల పొడి తగిలితే పురుగు పడిపోతుంది గానీ, ఆ సహజమైన మందు ఎండకు నిలవదు. నిలిచేదాన్ని తయారుచేయాలని ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. 1973లో పర్మెత్రిన్, మరుసటి ఏడు నేనూ డెల్టామెత్రినూ వచ్చాం. ఇలా తయారైన మా కుటుంబం పేరే పైరెథ్రాయిడ్లు. పర్మెత్రిన్‌కు లేని సయానో గుంపు నాకుంది. ఒక కర్బనం, ఒక నత్రజని, అంతే. ఆ చిన్న తేడాకే నన్ను రెండో రకం పైరెథ్రాయిడ్ల వరుసలో చేర్చారు. నా అణువులో మూడు కర్బనాల దగ్గర అమరిక అటూఇటూ మారితే ఎనిమిది రూపాలొస్తాయి. నేను ఆ ఎనిమిదింటి మిశ్రమాన్ని. రెండింటినే ఏరితే ఆల్ఫా సైపర్‌మెత్రిన్. నా అణువులోని క్లోరిన్ల చోట బ్రోమిన్లు పెట్టి ఒకే రూపాన్ని ఉంచితే డెల్టామెత్రిన్.

పురుగు నరంలో సోడియం లోపలికి వచ్చే ద్వారం తెరుచుకున్న వెంటనే మూసుకోవాలి. నేను మూసుకోనివ్వను. డీడీటీ కూడా ఆ ద్వారం మీదే దెబ్బ కొడుతుంది. అందుకే పనిచేసే తీరును బట్టి చేసిన అంతర్జాతీయ వర్గీకరణలో నాది 3ఏ గ్రూపు, డీడీటీది 3బీ.

ఈ అంకె రైతుకు ఎంత ముఖ్యమో 1987 చెప్పింది. ఆ దశాబ్దంలో ప్రకాశం, గుంటూరు పత్తి చేలల్లో మమ్మల్ని మళ్లీ మళ్లీ కొట్టారు. తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు మాకు లొంగడం మానేసింది. మందు మార్చామనుకున్న రైతు చాలాసార్లు మార్చింది సీసానే. లోపలున్నది మా వాళ్లలోనే మరొకరు. పంట పోయింది, అప్పు మిగిలింది, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆంధ్ర చేలల నుంచి తెచ్చిన ఆ పురుగులు పైరెథ్రాయిడ్లను తట్టుకుంటున్నాయని తర్వాత పరీక్షల్లో తేలింది. నా కథలో నాకు అన్నిటికన్నా బరువైన పుట ఇదే.

ఆ శనగపచ్చ పురుగే కందికాయనూ తొలుస్తుంది. "మొన్నటి మందుకు చావలేదన్నా, ఇంకోటియ్యి" అని అడిగే రైతు చేతికి మరో పేరుతో నన్నే ఇస్తే, తట్టుకున్న పురుగే మిగిలి పిల్లల్ని పెడుతుంది. అడగాల్సింది ఇంకో గ్రూపు మందు. సీసా మీది రంగు త్రికోణం ఆ సంగతి చెప్పదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి విషం ఎంత తీవ్రమో చెప్తాయి, ఏ జాతిదో చెప్పవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నన్ను రెండో తరగతిలో, అంటే మధ్యస్థ ప్రమాదం కింద పెట్టింది. చేపలకూ తేనెటీగలకూ మాత్రం నేను చాలా కీడు చేస్తాను.

మనిషికి విషం తగిలినప్పుడూ మందు ఏ జాతిదన్నదే ముఖ్యం. నేను పడిన ముఖం మండుతుంది, చర్మం జివ్వుమంటుంది. కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. నాకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. మూర్ఛను ఆపుతూ, ఊపిరి నిలుపుతూ కాపాడాలి. ఆర్గానోఫాస్ఫేట్ అనే మరో జాతి మందులకైతే విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. 1983-88 మధ్య చైనాలో నమోదైన 573 పైరెథ్రాయిడ్ కేసులను సమీక్షించినప్పుడు, ఆర్గానోఫాస్ఫేట్ అని పొరబడి ఇచ్చిన అట్రోపిన్ ఎక్కువై ఒకరు చనిపోయినట్టు బయటపడింది. మరోవైపు ప్రొఫెనోఫాస్ అనే ఆర్గానోఫాస్ఫేట్ 40 శాతం, నేను 4 శాతం కలిపిన మందు మన కొట్లలో బాగా అమ్ముడుపోతుంది. అది తాగిన మనిషికి అట్రోపిన్ కావాలి. వాసన చూసి ఈ తేడా పట్టుకోవడం కుదరదు. అందుకని మనిషిని ఆసుపత్రికి ఎత్తుకెళ్లేటప్పుడు ఎవరో ఒకరు చేను గట్టున పడేసిన సీసాను లేబుల్ చిరగకుండా సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తేవాలి.