పైపు తొడిగిన పానా

నాకు మెకానికల్ ఇంజనీరింగులో డిగ్రీ ఉంది. ఫస్టు క్లాసు కూడా. బోల్టు మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టమంటే నిద్రలో లేపినా కడతాను. అయినా చాలా ఏళ్లపాటు నా మనసులో బోల్టంటే రెండు పలకల్ని గుచ్చి కదలకుండా ఆపే ఇనుప కడ్డీ, అంతే. కడ్డీ ఎంత గట్టిదైతే అతుకు అంత గట్టిది, ఎంత బలంగా బిగిస్తే అంత మంచిది. పరీక్షలో రాసింది వేరు, చేయి నమ్మింది వేరు. పని దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ చేయే గెలిచేది.

బాలానగర్‌లో మా చిన్న షెడ్డు రైసు మిల్లులకు యంత్రాలు చేసేది. మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లుకు వడ్లు శుభ్రం చేసే జల్లెడ చేసి పంపాం. షాఫ్టు మీద కేంద్రం తప్పించి బిగించిన చక్రం, అంటే ఎక్సెంట్రిక్, తిరుగుతూ జల్లెడ పెట్టెను ముందుకీ వెనక్కీ ఊపుతుంది. ఆ పెట్టెను మోసే బ్రాకెట్లను ఫ్రేముకు ఎం12, అంటే 12 మి.మీ. లావు బోల్టులతో బిగించాం. ఊపు బోల్టు పొడవునా రాదు, దానికి అడ్డంగా వస్తుంది. అసలు సంగతంతా ఇందులోనే ఉంది. డ్రాయింగు గీసిన నాకే అది పట్టలేదు.

మొదటి తెలివితక్కువ పని యంత్రం లారీ ఎక్కకముందే జరిగిపోయింది. కొనేవాడి కంటికి ఇంపుగా ఉండాలని ఫ్రేముకు, బ్రాకెట్లకు విడివిడిగా ఎనామిల్ పెయింటు రెండేసి కోట్లు కొట్టించాను. ఒకదానికొకటి ఆనే లోపలి ముఖాలకు కూడా. అవి ఎవరికీ కనపడవు, అయినా కొట్టించాను. ఆరాక బిగించాం.

దాని ఫలితం అర్థం కావాలంటే కొంచెం లెక్క చెప్పాలి. 8.8 రకం ఎం12 బోల్టును సరిగ్గా బిగిస్తే అది సుమారు 35 కిలోన్యూటన్ల బలంతో పలకల్ని నొక్కుతుంది, అంటే మూడున్నర టన్నుల బరువు. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. సాగింది వెనక్కి రావాలని చూస్తుంది కాబట్టే పలకలు నొక్కుకుంటాయి. ఆ నొక్కుడు వల్ల ముఖాల మధ్య పుట్టే రాపిడే అడ్డపు ఊపును ఆపాలి. ఒక్కో బోల్టు దగ్గర అది దాదాపు అర టన్ను దాకా ఆపగలదు. రాపిడి పట్టు నిలిచినంత సేపూ బోల్టు ఒంటికి ఊపు సోకదు. మరి బోల్టు ఎంత సాగుతుంది? పలకల మందం 40 మి.మీ. ఉంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా సాగదు. నేను కొట్టించిన పెయింటు పొరల మందమూ ఇంచుమించు అంతే. ఒత్తిడికి, ఊపుకి పెయింటు మెల్లగా నలిగి పక్కలకు జరిగింది. అది జరిగినంత మేరా బోల్టు సాగుడు తగ్గింది, నొక్కుడూ తగ్గింది. అందం కోసం నేను పెట్టిన ఖర్చు అక్కడ పని చేసింది.

బోల్టులు విరగడం మొదలైంది. మిల్లు యజమాని ఫోన్లు. నేను పరిగెత్తాను, చేతిలో 12.9 బోల్టులతో. బోల్టు తల మీది అంకెలకు అర్థం ఉంటుంది. 8.8లో మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్‌లు, రెండోది ఆ బలంలో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. ఆ లెక్కన 12.9 అంటే 1200. ఒకటిన్నర రెట్లు. సమస్య తీరిపోయిందని యజమానితో గట్టిగా చెప్పి, ఆయన పెట్టించిన భోజనం చేసి వచ్చాను.

అవీ విరిగాయి. నాకు తెలియనివి రెండున్నాయి, లేదా తెలిసీ మరిచినవి. ఎంత గట్టి బోల్టయినా అదే టార్కుతో, అంటే అదే తిప్పుడు బలంతో బిగిస్తే నొక్కే బలం మారదు. రెండోది ఇంకా అవమానకరం. అటూ ఇటూ మారే ఊపును తట్టుకోవడంలో 8.8కీ 12.9కీ దాదాపు తేడా లేదు. బోల్టు మీది మరల మొదళ్లలో ఒత్తిడి పోగుపడుతుంది గనక, ఎం12 సైజులో ఏ రకమైనా అటూ ఇటూ 50 మెగాపాస్కల్‌ల చుట్టుపక్కలే దీర్ఘకాలం ఓర్చుకుంటుంది. తల మీద 12.9 అని గొప్పగా రాసుకున్న బోల్టు పరిస్థితి అది. నేను డబ్బు పోసి కొన్న బలానికి ఆ అతుకులో పనే లేదు.

అంతటితో ఆగానా? నల్లగా ఉన్న 12.9 బోల్టులు తుప్పు పడతాయని మా వీధిలోనే జింక్ పూత వేసే చోట ఇచ్చి తళతళలాడించి తెచ్చాను. పూతకు ముందు ఆసిడ్‌లో ముంచుతారు. అక్కడా, ఆ తర్వాత పూత తొట్టిలోనూ పుట్టే హైడ్రోజన్ ఇంత గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దరిదాపుల్లో చాలాసేపు వేడి చేస్తే ఆ ముప్పు తగ్గుతుంది. నేను అడగలేదు, వాళ్లు చేయలేదు. సాయంత్రం బిగించిన బోల్టులకు తెల్లవారేసరికి తలలు ఊడి కింద పడి ఉన్నాయి. రాత్రంతా మిల్లు ఆగే ఉంది. యజమాని నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

పైపు సంగతి కూడా ఒప్పుకోవాలి. పానాకు పొడవాటి పైపు తొడిగి, మరలకు నూనె రాసి, బరువంతా వేసి లాగేవాణ్ని. బిగించేటప్పుడు మనం పెట్టే శ్రమలో సుమారు సగం నట్టు కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం మరల మధ్య పోతుంది. బోల్టును నిజంగా సాగదీసేది పదో వంతు. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే లాగుడుకు నొక్కుడు మూడో వంతు దాకా పెరగొచ్చు. పైపూ నూనే కలిస్తే కొన్ని బోల్టులు అక్కడే శాశ్వతంగా సాగిపోయి నడుము సన్నబడ్డాయి. వాటిని విప్పి చూసి బోల్టుల నాణ్యత పడిపోయిందని, ఈ రోజుల్లో సరుకే బాగుండటం లేదని అమ్మినవాడితో రాణిగంజ్‌లో పోట్లాడాను. ఆ మనిషికి క్షమాపణ ఇంకా బాకీ.

స్ప్రింగ్ వాషర్లు కూడా వేశాను, ఒకదాని మీద ఒకటి. టన్నుల నొక్కుడు కింద ఆ వాషరు ఏనుగు కింద పరుపే. పూర్తిగా అణిగిపోయాక ఇక స్ప్రింగు ఎక్కడిది? జర్మనీలో గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు: బోల్టుకు అడ్డంగా పలకలు జారడం మొదలైతే మరల మధ్య రాపిడి ఆ దిశలో ఖర్చయిపోయి, నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ఆయన పరీక్ష పద్ధతిలో పెట్టి చూస్తే స్ప్రింగ్ వాషరు ఆపలేదు. ఆ వాషరుకున్న పాత జర్మన్ ప్రమాణాన్ని తరవాత ఉపసంహరించుకున్నారు కూడా. మన దగ్గర మాత్రం అది లేకుండా బిల్లే తయారు కాదు.

ఇదంతా మిల్లు ఫిట్టరు చూస్తూనే ఉన్నాడు. పెద్దాయన, చదువు ఐదో తరగతి. విరిగిన ముక్కలు ఒక రేకు డబ్బాలో దాచాడు. ఒకరోజు ఒక ముక్క నా ముందు పెట్టాడు. విరిగిన ముఖం చాలా మేరకు నున్నగా, గీతలు గీతలుగా ఉంది. చివర కొద్దిగా మాత్రమే గరుకు. పగులు నెమ్మదిగా పాకి, మిగిలిన కాస్తా ఒక్కసారిగా తెగిందన్న మాట. బ్రాకెట్టు అంచున ఎర్రటి పొడి చూపించాడు. ముఖాలు ఒకదానిమీద ఒకటి రుద్దుకుంటే రాలే తుప్పు పొడి అది.

"సార్, మీరు బోల్టు ఇరిగినంక నట్టు వదులైతున్నదంటున్నరు. కాదు. నట్టు వదులైనంకనే బోల్టు ఇరుగుతున్నది. లోపట రంగు గీకేద్దాం, బోల్టు జర పొడుగుది పెడదాం."

నిజానికి పాఠం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. బోల్టు పొడుగైతే అదే నొక్కుడుకు ఎక్కువ సాగుతుంది కనక, ముఖాలు కొంచెం అణిగినా పట్టు అంతగా పోదు. నేను, "చూద్దాంలే మేస్త్రీ" అన్నాను. ఫస్టు క్లాసు అడ్డొచ్చింది.

బోల్టుల మీద నమ్మకం పోయి నాకు జిగురు మీద భక్తి పుట్టింది. అదే మిల్లులో ఎలివేటరు నుంచి గింజలు దిగే పైపును పైనున్న ఇనుప దూలానికి వేలాడదీయాలి. రంధ్రం చేస్తే దూలం బలహీనపడుతుంది, జిగురైతే భారాన్ని వైశాల్యమంతా పంచుతుంది అని అందరికీ ఉపన్యసించాను. ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రౌన్ 1941లో లోహాలను అతికించే రిడక్స్ చేశాడు, విమానాలనే దానితో అతికించారు, నా పైపు ఎంత? ఆ విమాన రేకుల్ని అతికించే ముందు ఆసిడ్ తొట్టెల్లో ముంచి, కడిగి, వేడిమీద, ఒత్తిడిలో ఉంచుతారన్న సంగతి నా ఉపన్యాసంలో లేదు. నేను దూలాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచాను. కిరోసిన్ మురికిని తీస్తుంది, తన జిడ్డును వదిలిపోతుంది. శుభ్రమైన లోహం మీద నీళ్లు పోస్తే పలచగా పరుచుకోవాలి. బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుందని లెక్క. గ్లాసెడు నీళ్లతో తేలిపోయే పరీక్ష, చేయలేదు.

తొందరగా గట్టిపడే ఎపాక్సీ కొన్నాను. ఇంకా తొందరగా గట్టిపడాలని హార్డెనర్ పాలు పెంచాను. అది వేగాన్ని కాదు, బలాన్ని మారుస్తుంది, తగ్గించే వైపు. పైపును దూలానికి వేలాడదీసే పట్టీ అడుగు పొడవు పెట్టాను, పొడవు రెట్టింపైతే బలమూ రెట్టింపని. 1938లోనే ఫోల్కర్సెన్ అనే జర్మన్ లెక్క కట్టి చూపించాడు, అతుకు మీద భారమంతా రెండు చివర్లలోనే పోగవుతుందని. పొడవు ఒక హద్దు దాటాక నడిమి భాగం ఊరికే ఉంటుంది. పైగా నా పట్టీకి కింద వేలాడే బరువు దాని అంచును ఒలిచేలా లాగుతుంది. ఒలిచే బలానికి ఇలాంటి గట్టి జిగుర్లు చాలా లొంగుతాయి.

మర్నాడు ఆ పట్టీ పట్టుకుని నేనే వేలాడాను. ఊగాను కూడా. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మాత్రం బీడీ ముట్టించుకుని బయటికి వెళ్లాడు.

మే నెలలో పైపు కింద పడింది. భోజనాల వేళ, కింద ఎవరూ లేరు. బస్తాలు చిరిగాయి, అంతే. మామూలు గదివేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. నల్లగొండ జిల్లా ఎండలో రేకుల కప్పు కింద ఆ వేడి ఎక్కడికీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఆ మెత్తదనంలో ఎడతెగని బరువు పడితే జిగురు రోజూ కొంత సాగుతుంది. నేను ఊగింది ఐదు నిమిషాలు, పైపు వేలాడింది నెలల తరబడి.

ఆ తర్వాత బోస్టన్ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. 2006 జూలై 10 రాత్రి అక్కడి సొరంగ రహదారిలో సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు ఒక కారు మీద పడ్డాయి. నడుపుతున్న భర్త బతికాడు, భార్య చనిపోయింది. పలకల్ని మోసే బోల్టులను కప్పులోకి ఎపాక్సీతో అతికించారు. తొందరగా గట్టిపడే రకం. కొద్దిసేపు లాగి చూసే పరీక్షల్లో అది నెగ్గింది, ఎడతెగని భారం కింద మెల్లగా సాగి బోల్టుల్ని వదిలేసింది. కట్టేటప్పుడే కొన్ని కిందికి జారినట్టు కనిపిస్తే, మళ్లీ పెట్టి, లాగి చూసి, సరే అనుకున్నారు. నా మిల్లులో కింద బస్తాలుండటం నా తెలివి కాదు.

అయినా బుద్ధి వెంటనే రాలేదు. ఈసారి జిగురూ పెడతాను, బోల్టులూ వేస్తాను, బలం రెండింతలవుతుంది అన్నాను. కాదు. జిగురు పట్టు బిగువైనది కాబట్టి భారమంతా ముందు అదే మోస్తుంది. అది వదిలాక మొత్తం ఒక్కసారిగా రెండోదాని మీద పడుతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం పైకప్పు ఎగిరిపోయింది ఇలాగే. రేకుల అతుకుల్లో జిగురు తడికి వదిలింది, తుప్పు పట్టింది. భారం రివెట్ల మీదికి మారి వాటి రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు పుట్టి ఒకదానికొకటి కలిశాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది. ఆ విమానం అప్పటికి 89 వేలకు పైగా సార్లు ఎగిరి దిగింది.

ఈ కథ అంతా మేస్త్రీకి చెబితే, "అయితే పైపుకు క్లాంపు పెడదాం, జల్లెడకు మాత్రం మందు పోద్దాం" అన్నాడు. మందంటే మరల్లో వేసే నీలి రంగు ద్రవం. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ కనిపెట్టింది. గాలి తగిలినంత సేపూ ద్రవంగానే ఉంటుంది, అందుకే సీసా నిండా పోయరు. నట్టు లోపల గాలి అందక, ఇనుము తగిలాక గట్టిపడుతుంది. ఇక్కడ జిగురు బరువు మోయదు, మరల సందులు నింపి నట్టును వెనక్కి తిరగనివ్వదు.

పెయింటు గీకించాం. బ్రాకెట్టు కింద గొట్టం ముక్క పెట్టి పొడుగు 8.8 బోల్టులు వేశాం. గట్టి చదును వాషరు, సరిపడా బిగియగానే టక్కుమనే టార్క్ రెంచి. బిగించిన ప్రతి నట్టు మీదుగా ప్లేటు దాకా మేస్త్రీ తెల్ల మార్కరుతో ఒక గీత గీశాడు, నట్టు కదిలితే గీత విరుగుతుందని.

ఆయన టీకి వెళ్లాడు. రెంచి టక్కుమన్నాక ఆగడం నాకెందుకో నమ్మకం కలిగించలేదు. పక్కనే పానా ఉంది. చివరి నట్టును ఇంకొక్క లాగు లాగాను.

తిరిగొచ్చి వరసగా చూసుకుంటూ పోయి, ఆ ఒక్క నట్టు దగ్గర ఆగాడు. గీత విరిగి ఉంది, బిగుసుకున్న వైపుకు. బోల్టును విప్పి పక్కన పడేసి, కొత్తది తీస్తూ యజమానితో అన్నాడు:

"గిది సారు ముట్టుకున్నది."