మల్కిభరామ ప్రభువులకు ఒక కథారచయిత మొర

గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా వారి సముఖానికి,

ఫిలింనగర్ నుంచి ఒక కథారచయిత విన్నపం. తమరిని మల్కిభరాముడని పిలుచుకున్నది తెలుగు కవులు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నది తమరు. కాబట్టి తెలుగులోనే మొరపెట్టుకుంటున్నాను.

ప్రభూ, 1578లో మూసీ మీద 22 కమానులతో తమరు కట్టించిన పురానా పుల్ నా పొట్ట కొట్టింది. బంజారాహిల్స్‌లో ఒక నిర్మాతగారు దాని కథ కావాలన్నారు. అదే, ఊరంతా చెప్పుకునేది: అవతలి ఒడ్డున భాగమతి, ఏరు పొంగితే గుర్రంతో సహా దూకేసిన యువరాజు మహమ్మద్ కులీ, తండ్రి మనసు కరిగి వంతెన కట్టించడం. వరద సీను గ్రాఫిక్స్‌కి బడ్జెట్ కూడా వేసేశారు. నా ఖర్మ కాలి నేను లెక్క చూశాను. అబ్బాయిగారు పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి పదమూడేళ్లు! మా హీరోగారేమో షష్టిపూర్తికి దగ్గరపడ్డారు.

"సార్, గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా బందరు రేవుకు పోయే దారి కదా, వజ్రాలు, బట్టల మూటలు ఏరు దాటొద్దూ? హైదరాబాద్ పుట్టిందే 1591లో, వంతెన ఊరికంటే పెద్దది" అన్నాను. "ఎడ్లబండ్లు దాటితే ఎవడు చూస్తాడయ్యా" అన్నారు. వజ్రాల వర్తకుడు టావెర్నియర్ దీన్ని పారిస్‌లోని పాన్ నెఫ్‌తో పోల్చాడనగానే మాత్రం లేచి కూర్చున్నారు, రెండు పాటలు అక్కడే తీద్దామని. దానికీ 1578లోనే పునాది పడింది. పేరుకు 'కొత్త వంతెన', ఆ ఊళ్లో ఇప్పుడు అన్నిటికంటే పాతది అదే.

ఉండబట్టలేక తమరి వంతెన దగ్గరికే వెళ్లాను. బస్సులు, ఆటోలు పక్కనున్న కొత్త దాని మీద పోతున్నాయి. 1908 వరదకు దెబ్బతినీ నిలబడ్డ రాళ్ల మీద గోనెపట్టాలు, టమాటాల గుట్టలు. ఒకామె కొత్తిమీర మీద నీళ్లు చిలకరిస్తోంది. "ఇది ఎవరు కట్టారమ్మా?" అనడిగాను.

"కట్ట పది రూపాయలు."

ప్రభూ, వంతెన తేదీ ముందుకు జరుపుదామంటే 1580 తర్వాత తమరే లేరు. కనక అబ్బాయిగారి పుట్టిన సంవత్సరాన్నే ఓ పదేళ్లు వెనక్కి జరుపుతూ ఫర్మానా ఇప్పించండి. అడ్వాన్సు ఇంటద్దెకు ఖర్చయిపోయింది.

చిత్తగించవలెను.