నన్ను తన్నింది విజయ్ ఖన్నా

నేను 'జంజీర్' సినిమాలో పోలీస్ స్టేషన్ కుర్చీని. 1973లో వచ్చిన ఆ సినిమాలో నా వేషం నిమిషమైనా ఉండదు. ఎర్రటి గడ్డం, పఠాన్ దుస్తులతో షేర్‌ఖాన్ వేషంలో ప్రాణ్ దర్జాగా స్టేషన్‌లోకి నడిచొస్తాడు. ఎవరూ కూర్చోమనకుండానే నామీద కూలబడబోతాడు. ఇన్‌స్పెక్టర్ విజయ్ ఖన్నా బూటుకాలితో నన్నొక్క తాపు తంతాడు. ఇది నీ అబ్బ ఇల్లు కాదు, ఠాణా అని కసురుతాడు. అంతే, నా పాత్ర సరి. విజయ్ వేషం కట్టిన అమితాబ్ బచ్చన్ 'యాంగ్రీ యంగ్‌మ్యాన్' అయింది ఆ క్షణంలోనేనని దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. రామ్‌చరణ్ హీరోగా రీమేక్ 2013 సెప్టెంబర్ 6న వచ్చింది, హిందీలో పాత పేరుతోనే, తెలుగులో 'తుఫాన్'గా. దాంతో మళ్లీ ఆ తన్ను గురించే మాటలు. తన్నులు తిన్నదాన్ని కాబట్టి చెప్పే హక్కు నాకుంది: ఆ సీను సత్తా తన్నులో లేదు, తన్నాక విజయ్ చేసిన పనిలో ఉంది.

షేర్‌ఖాన్ ఆ అవమానాన్ని దిగమింగి ఊరుకోడు. నీ పొగరంతా ఒంటిమీది యూనిఫాందే, అది విప్పి నా పేటకు రా అని సవాలు విసురుతాడు. విజయ్ వెళ్తాడు. మామూలు బట్టల్లో, వెంట ఒక్క కానిస్టేబుల్ కూడా లేకుండా. ఇద్దరూ నడివీధిలో కొట్టుకుంటారు. ఆ తర్వాతే షేర్‌ఖాన్ జూదపు అడ్డాలు మూసేసి అతనికి ప్రాణస్నేహితుడవుతాడు. అంటే ఠాణాలో యూనిఫాం అండతో చేసిన అప్పును విజయ్ వీధిలో ఒంటిమీద దెబ్బలతో తీర్చాడు. సలీం-జావేద్ రాతలో ఈ లెక్క ఎక్కడా తప్పదు. దీపావళి రాత్రి తల్లిదండ్రుల్ని చంపినవాడి చేతి గొలుసుకున్న తెల్లగుర్రం పిల్లవాడైన విజయ్ కలల్లోకి చొరబడి, హంతకుడు దొరికేదాకా వదలదు. దొంగ లంచం కేసులో ఉద్యోగం పోయి జైలుకెళ్లొచ్చిన విజయ్‌కి చివరిదాకా తోడు నిలిచేవాడు ఈ షేర్‌ఖానే. ఇంకో సంగతి, ఈ హీరో సినిమా మొత్తం మీద ఒక్క పాటా పాడడు. షేర్‌ఖానే ఆడి పాడి అతని మొహాన నవ్వు తెప్పించాలి. మసాలా సినిమా అంటే అన్నీ దట్టించడమేనని అనుకునేవాళ్లు ఈ పొదుపును గమనించరు.

ఠాణాకొచ్చిన మనిషిని కూర్చోనివ్వకపోవడం హీరోయిజమా అని ఈ కాలం ప్రేక్షకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫిర్యాదు పట్టుకుని వచ్చిన బీదవాడికి మన ఠాణాల్లో నాలాంటి కుర్చీ దక్కడం ఎంత అరుదో నాకు చెప్పక్కర్లేదు. కానీ షేర్‌ఖాన్ బీదవాడు కాదు, ఠాణాను కూడా తన అడ్డాగానే చూసే పేట దాదా. ఆ సమాధానం ఒక్కటే సరిపోదని నాకూ తెలుసు. అందుకే వీధి పోరాటం అంత ముఖ్యం. చివరి మాట యూనిఫాంది కాకూడదని సినిమాయే తేల్చింది. తర్వాతి పోలీసు సినిమాలు చాలావరకు తన్నును తీసుకుని ఆ తీర్పును వదిలేశాయి. వాటి పాపం నా నెత్తిన రుద్దకండి.

అసలు రీమేక్ ఎందుకనేవాళ్లతో మాత్రం నాకు పేచీయే. మరుసటి ఏడాదే, 1974లో, ఎన్టీఆర్‌తో 'నిప్పులాంటి మనిషి' రాలేదా? అందులో షేర్‌ఖాన్‌గా కైకాల సత్యనారాయణను తెలుగువాళ్లు మరిచిపోయారా? అదే ఏడాది తమిళంలో ఎంజీఆర్ అయితే ఇన్‌స్పెక్టర్ వేషం, అతని స్నేహితుడి వేషం రెండూ తానే కట్టారు. తన్నేదీ, తన్ను భరించేదీ ఒక్కడే అయితే కుర్చీగా నేనేమైపోవాలో! ఆ స్నేహితుడి వేషాన్ని వదులుకోవడానికి అంతటి స్టారుకే మనసు రాలేదంటే దాని బరువెంతో తెలుస్తుంది. 1973 నాటికి ప్రాణ్ పేరుమోసిన నటుడు, అమితాబ్ వరస ఫ్లాపుల కుర్రాడు. అంతటివాడు ఎదురుగా నిలబడ్డాడు కనుకే కుర్రాడి కోపాన్ని జనం నమ్మారు. ఆ ప్రాణ్ 2013 జూలై 12న కన్నుమూశారు.

కాబట్టి 2013 రీమేక్‌లో హంగులు ఎన్ని పెంచినా నాకు అభ్యంతరం లేదు. హిందీలో సంజయ్ దత్, తెలుగులో శ్రీహరి, షేర్‌ఖాన్‌లిద్దరూ నిలబడగలిగినవాళ్లే. ఆ సినిమా చూసేటప్పుడు కుర్చీ ఎంత దూరం ఎగిరిపడిందో కొలవకండి. ఆ తర్వాత రామ్‌చరణ్ షేర్‌ఖాన్ పేటకు ఏ బట్టల్లో, ఎవరి తోడుతో వెళ్తాడో చూసి సినిమా సంగతి తేల్చండి.